పదకొండో నంబరు పగడం

పోయిన వారం మా కోడలికి ఉంగరం కొందామని ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికి పోతే, ఒక కొత్త అంగడిలో, వీధి వైపున, అద్దాల పెట్టెలో నీలం గుడ్డ పరిచి, దాని మీద జానెడు పగడపు కొమ్మకు ఎర్ర పెయింటు కొట్టి నిలబెట్టి ఉన్నారు. అది గల్ఫ్ సముద్రంలో పెరిగే రకమని చూడగానే గుర్తుపట్టాను. "ఒరిజినల్ మామా, సముద్రంలోదే. తెల్లగుంటే ఎవురూ చూడ్డంలే, అందుకే రంగేసినాం" అన్నాడు అంగడాయన గొప్పగా. అద్దాల వెనక నుంచి వాసన రాదని తెలుసు, అయినా ఎన్నో ఏళ్ల కిందటి కుళ్లు కంపు ముక్కుకు తగిలినట్టయి, కోడలిని అక్కడే కూర్చోబెట్టి బయటికి వచ్చేశాను.

నా ఈడు వాళ్లకు ఆ వీధి పాత రూపు గుర్తుండే ఉంటుంది. మా నాయన అక్కడే ఒక అరుగు మీద కూర్చుని తాళి దారాలకు నల్లపూసలూ పగడాలూ గుచ్చేవాడు. ఎంతమంది ఆడబిడ్డల మెడల్లోకో ఆయన చేతి మీదుగా పగడాలు పోయాయి గాని, గుండ్రంగా చెక్కి బెజ్జం వేసి వచ్చిన పూస తప్ప, అది పుట్టిన చోట ఎట్లా ఉంటుందో ఆయన ఎన్నడూ ఎరుగడు. నేను పడవ ఇంజన్లు బాగుచేసే పనికి గల్ఫ్ బయల్దేరిన రోజున, గడియారం తెమ్మనో రేడియో తెమ్మనో అడగకుండా, "సముద్రం కాడికే పోతాండావు కదప్పా, పగడం ఎట్ట పెరుగుతాదో చూసొచ్చి నాకు చెప్పు" అన్నాడు.

అక్కడ మాకు శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజునూ నిద్రకు ఇవ్వకుండా, మా షెడ్డు పనివాళ్లు కొందరు, ఒక ముసలి అరబ్బు పడవాయనతో కలిసి పగడాల దిబ్బ మీదికి పోయేవాళ్లు, నేనూ చేరాను. పగడాలకు చుట్టుకున్న పాత వలలను లాగితే కొమ్మలు విరుగుతాయని, కత్తెరతో ఒక్కో పోగూ కత్తిరించి పైకి తెచ్చేవాళ్లం. వలలు వేరుగా, సీసాలు వేరుగా గోతాల్లో నింపి మూతులు కుట్టడం మా గదిలోని పులివెందులాయన పని. ప్లాస్టిక్ కరిగించి మళ్లీ వాడుకునే ఫ్యాక్టరీ లారీ వచ్చి వాటిని తీసుకుపోయేది. కొన్ని పగడాల పక్కన నంబరు బిళ్లలు పాతి ఉండేవి. మైలవరం రిజర్వాయరులో ఈత నేర్చినవాణ్ని కాబట్టి, నెలకోసారి మునిగి, ఏది ఎంత పెరిగిందో, రంగు మారిందో చూసి నేను చెబుతుంటే, ముత్యాల్లాంటి చేతిరాత ఉన్న జమ్మలమడుగాయన నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

మొదటిసారి సెలవు మీద ఇంటికి రావడానికి ముందు వారం నా బుద్ధి గడ్డి తిన్నది. పదకొండో నంబరు పగడం గులాబీ రంగులో గుబురుగా ఉండేది. మా వీధిలో పుట్టినవాడికి పగడమంటే పూసే కదా, ఆరబెడితే ఇది ఎర్రగా గట్టిపడుతుందని, నాయన తన చేత్తోనే బెజ్జం వేసుకుంటాడని అనుకుని, ఎవరూ చూడకుండా ఒక కొమ్మను పట్టకారుతో విరిచి, తమలపాకులు చుట్టినట్టు తడిగుడ్డలో చుట్టి పెట్టెలో దాచాను. మూడో రోజుకు గదంతా ఎలుక చచ్చిన కంపు. పెట్టె తీస్తే గుడ్డ నిండా చీమిడి లాంటి జిగట, రంగంతా పోయి సున్నపురాయిలా మిగిలిన కొమ్మ. అదే గదిలో ఉండే జమ్మలమడుగాయన ముక్కు మూసుకుని, "ఏందప్పా ఇది, పదకొండోది కాదు గదా" అని మాత్రం అడిగాడు. నగల్లో వాడే పగడం వేరే జాతి అని, నేను విరిచింది వేల చిన్న చిన్న ప్రాణులు కాపురమున్న ఇల్లని ఆయన చెబితేనే నాకు తెలిసింది.

తర్వాతి శుక్రవారం, సంగతి తెలిసినా, పడవ ముసలాయన నన్ను తిట్టలేదు. పుస్తకం నా ముందర పెట్టించి, పదకొండో నంబరు ఎదురుగా, విరిచినవాడి పేరు నా చేతనే రాయించాడు. ఆ పైన ఇంజను దగ్గర కూర్చోనిచ్చాడు గాని, ఉన్నన్నేళ్లూ నన్ను నీళ్లలోకి దిగనివ్వలేదు. ఎంత సబ్బు పెట్టి కడిగినా నా చేతులంటే నాకే రోతగా ఉండేది.

అంత జరిగినా సిగ్గు లేకుండా ఆ తెల్ల కొమ్మను కడిగి ఇంటికి తెచ్చాను. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, "చూసి చెప్పమంటి కదప్పా, పెరుక్కోని రమ్మంటినా?" అని, చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు సెలవు మీద వచ్చినా, పగడం ఎట్లా పెరుగుతుందని ఆయన మళ్లీ అడగలేదు. అడగకుండానే పోయాడు.

పోయిన వారం ఆ అంగడి నుంచి కోడలిని పిలుచుకుపోవడానికి మళ్లీ లోపలికి పోయి, అది ఒకప్పుడు ప్రాణమున్నదని, చచ్చేటప్పుడు భరించలేని కంపు కొడుతుందని అంగడాయనకు చెప్పాను. "రంగేసినాక కంపు యాడుంటాది మామా" అని నవ్వాడు. కూలి బతుకుల్లో దొరికిన ఒక్క సెలవునూ కత్తెర పట్టుకుని సముద్రంలో గడిపిన వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆ కాలంలో నాలాంటివాడి పేరు రాయించడానికి ఒక పుస్తకమైనా ఉండేది. ఇప్పుడు ఆ చచ్చినదానికి రంగు పూసి లైటు పెడుతున్నారు, వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మా నాయన కూర్చుని పగడాలు గుచ్చిన అరుగు సరిగ్గా ఆ పెట్టె ఉన్న చోటే ఉండేది.