తాళంకప్ప మాస్టారు

“...నేను చెబితే ఇంకేమన్నా ఉందా అమ్మా? మీరైతే ఇంట్లో మనిషి. మీరే చెప్పాలి.”

“బాగుంది వరస! గ్రౌండు గొడవ తెచ్చి నా నెత్తిన రుద్దుతావా? ఇన్నేళ్లూ నోరు కుట్టుకుని కూర్చున్నది నువ్వు.”

“మీరూ కూర్చున్నారుగా.”

“నాకేం పోయిందిరా? ఓడిపోయేది మీరు.”

వరండాలో బూట్ల లేసులు విప్పుతున్న మాస్టారి చేతులు ఆగిపోయాయి. లోపల ఒక గొంతు భార్యది. రెండోది చిన్న మాస్టారిది. ఆయన దగ్గరే చదివి, ఆయన దగ్గరే ఆడి, చివరికి ఆయన దగ్గరే అసిస్టెంట్ కోచ్‌గా చేరిన శిష్యుడతను. మాస్టారు కావాలనే దగ్గారు. లోపల మాటలు ఠక్కున ఆగిపోయాయి.

తలుపు తోసేసరికి భార్య కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది. చిన్న మాస్టారు లేచి నిలబడ్డాడు.

“బంతులకి గాలి కొట్టే పంపు ఇక్కడుందేమోనని వచ్చాను సార్.”

“స్టోర్‌రూములో ఉంది. పొద్దున నువ్వే పెట్టావు.”

“అవునండీ. మతిమరుపు.”

అతను వెళ్లాక బల్ల మీద సగం తాగిన టీ కనిపించింది. పంపు కోసం వచ్చినవాడు టీ తాగుతూ కూర్చోవడమేమిటి?

“ఏమంటాడు?” అన్నారు మాస్టారు.

“ఏమీ అనడు. అదే వాడితో వచ్చిన చిక్కు” అంది ఆవిడ.

మాస్టారు అనుమానం మనిషని ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎవరైనా నమస్కారం పెడితే, ఎందుకు పెట్టాడా అని రెండు వీధులు దాటేదాకా ఆలోచించే రకం. వయసులో ఉన్నప్పుడు ఫుట్‌బాల్లో డిఫెండరుగా ఆడారు. ఎదుటివాడి కాలు ఎటు చూపిస్తే బంతి అటు రాదని ఆ ఆట ఆయనకు నేర్పింది. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక, లెక్కల మాస్టారుగా ఈ కాలేజీకి వచ్చారు. అప్పట్లో గ్రౌండంటే రాళ్లూ గోతులూ, పక్కకి ఒరిగిన ఒక గోల్‌పోస్టూ. మొదటి బ్యాచ్ పిల్లలతో కలిసి ఒక వానాకాలమంతా రాళ్లు ఏరారు. అది చూసి ప్రిన్సిపాల్ కోచ్ పని కూడా ఆయనకే అంటగట్టారు.

అప్పటినుంచి పొద్దున క్లాసు, సాయంత్రం గ్రౌండు. రెండింటికీ ఒకటే సుద్దముక్క. లెక్క చెయ్యనివాడికి బూట్లు ఇచ్చేవారు కాదు. అందుకే ఆటకి ముందు మెట్ల మీద వరసగా కూర్చుని త్రిభుజాలతో కుస్తీ పట్టే జట్టు ఈ చుట్టుపక్కల ఇదొక్కటే. ఆ మెట్ల మీద చదివినవాళ్లలో పోలీసులున్నారు, టీచర్లున్నారు, కిరాణా కొట్టు పెట్టినవాళ్లున్నారు. ఏటి అవతలి కాలేజీ కోచ్ కూడా అక్కడ కూర్చుని లెక్కలు చేసినవాడే.

ఇక ఆయన గుట్టు సంగతి. జట్టుతో మాట్లాడాలంటే ఎంత ఎండాకాలమైనా కిటికీలు మూయాల్సిందే. పెనాల్టీ కొట్టేవాడికి ఏ మూలకి కొట్టాలో ఆయనే చెబుతారు. అదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చెవిలో. ఆయన మొహం చూసి పరీక్షలో ఏ లెక్క వస్తుందో కనిపెట్టిన మొనగాడు లేడు. పిల్లలు చాటుగా తాళంకప్ప మాస్టారు అనుకునేవారు. ఆ పేరు ఆయన చెవిన పడింది, నచ్చింది కూడా.

అలాంటి మనిషికి వరసగా రెండేళ్లు ఫైనల్లో ఏటి అవతలి కాలేజీ చేతిలోనే దెబ్బ తగిలింది. రెండుసార్లూ పెనాల్టీల మీదే. మనవాళ్లు ఏ మూలకి కొడితే వాళ్ల గోల్‌కీపరు ఆ మూలకే దూకాడు, బంతి ముందుగా కబురు పంపినట్టు. ఏ మూలో తెలిసింది ముగ్గురికే. మాస్టారికి, కొట్టేవాడికి, చిన్న మాస్టారికి. కొట్టేవాళ్లు ఏటేటా మారుతున్నారు. చిన్న మాస్టారు మాత్రం మారలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

పైగా ఈ ఏడాదితో ఆయన రిటైరవుతున్నారు. ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి, “మీ తర్వాత ఎవరన్నది ఫైనల్ రోజున మీరే చెప్పండి. ఇంకెవరున్నారు లెండి, చిన్న మాస్టారేగా?” అన్నారు. “చెబుతాను” అన్నారు మాస్టారు. వరండాలో ఆ మాటలు విన్నాక ఆ పేరు గొంతులో ముల్లులా అడ్డం పడింది.

ఆయన ఒక పని చేశారు. ఫైనల్‌కి వారం ముందు ఏటి అవతలి జట్టునే ప్రాక్టీసు మ్యాచ్‌కి పిలిచారు. ఆట ముగిశాక, సరదాగా కొన్ని పెనాల్టీలు కూడా కొట్టిద్దామన్నారు. చిన్న మాస్టారి చెవిలో “ఎడమకి” అని చెప్పారు. కెప్టెన్ చెవిలో “కుడికి” అని చెప్పారు.

అవతలి గోల్‌కీపరు కుడికి దూకి బంతి పట్టుకున్నాడు.

ఇంకొకరైతే శిష్యుడు మంచివాడేనని ఊపిరి పీల్చుకునేవారు. మాస్టారికి మాత్రం అనుమానం ఒక గుమ్మం దిగి పక్క గుమ్మం ఎక్కింది. కెప్టెనా? నిన్నగాక మొన్న లెక్కల్లో పాసైన కుర్రాడా? అతన్నే మళ్లీ పిలిచారు.

“ఈసారి నాకు కూడా చెప్పకు. నీకు తోచిన మూలకి కొట్టు.”

వెళ్లి లైను దగ్గర నిలబడ్డారు. ఎండ మాడుతోంది. టోపీ తీసి నుదురు తుడుచుకుని, ఎప్పటిలాగే చంకలో పెట్టుకున్నారు. వీడు ఎడమకే కొడతాడని ఆయన మనసు చెబుతోంది.

అప్పుడు చూశారు. గోల్‌కీపరు బంతిని చూడటం లేదు. కెప్టెన్‌నీ చూడటం లేదు. లైను వైపు, నేరుగా తనవైపే చూస్తున్నాడు. చూసి, ఎడమకి ఎగిరాడు. బంతి కుడి మూలలో వలని ఊపింది. గోల్‌కీపరు మట్టి దులుపుకుంటూ లేచి, గోల్ కొట్టినవాణ్ణి వదిలేసి మాస్టారి వంక గుర్రుగా చూశాడు. నమ్మినవాడు మోసం చేస్తే చూసే చూపు అది. ఆ చూపు ఆయన ఎడమ చంక మీద ఆగింది.

మాస్టారు టోపీని బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

సాయంత్రం స్టోర్‌రూములో చిన్న మాస్టారు బంతుల్ని వలసంచిలో వేస్తున్నాడు.

“ఎప్పట్నుంచి తెలుసు?” అన్నారు మాస్టారు గుమ్మంలోంచే.

దేని గురించని అతను అడగలేదు. “నేను ఆడే రోజుల నుంచండీ. టోపీ ఏ చంకలో ఉంటే బంతి ఆ మూలకి. మా బ్యాచ్ అందరికీ తెలుసు.”

“అవతలి కోచ్‌కి?”

“ఆయన నా సీనియరు కదండీ.”

“నాకెందుకు చెప్పలేదురా?”

“ఒకసారి చెప్పబోయాను. ‘నన్ను చూస్తావేం, బంతిని చూడు’ అని గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. పోయినేడు చెబుదామనుకున్నాను. అప్పటికే మీరు నన్ను ఓరకంట చూస్తున్నారు. తప్పు మీ మీదకి నెడుతున్నానంటారని అమ్మగారి కాళ్లా వేళ్లా పడ్డాను.” అతను సంచి మూతి బిగించాడు. “ఇవాళ నాకు ఎడమ అన్నారు, వాడికి కుడి అన్నారు. అదీ తెలిసింది సార్.”

“వాడు చెప్పాడా?”

“లేదండీ. టోపీ కుడి చంకలో ఉంది.”

మాస్టారు చంకలోని టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నారు.

“ఇప్పుడు తెలిసిపోయిందిగా. ఫైనల్లో తిరగేసి పెట్టండి. వాళ్లు బోర్లా పడతారు” అన్నాడు చిన్న మాస్టారు.

ఆ మాట మీద ఇంటికొచ్చేదాకా ఆలోచించారు. గోల్‌కీపరు చూసిన చూపు అడుగడుగునా అడ్డం వచ్చింది.

“నాకొక సామెత గుర్తొస్తోంది. చంకలో పిల్ల...” అంది భార్య, ఆయన చెప్పింది విని.

“చాల్లే. నువ్వయినా చెప్పొచ్చుగా?”

“పెళ్లయిన కొత్తలో నాకేదైనా తెస్తే, దాచిన జేబు మీరే తడుముకునేవారు. ఊరందరికీ తాళంకప్ప, నాకు మాత్రం తెరిచిన తలుపు. చెబితే అది కాస్తా మూసుకుంటారని భయం.”

“అంటే ఓడిపోతున్నా పర్వాలేదా?”

“కప్పు గెలిస్తే మనింటికి తెచ్చేవారా ఏమిటి!”

ఫైనల్ రోజు డ్రెస్సింగ్ రూములో జట్టంతా బూట్లు బిగించుకుంటోంది. కెప్టెన్ అలవాటుగా కిటికీ రెక్క లాగబోతే మాస్టారు వద్దన్నారు. ప్రిన్సిపాల్ వచ్చి గుమ్మంలో నిలబడి, “ఏం మాస్టారూ, చెబుతానన్నారు?” అని గుర్తుచేశారు. మూలన చిన్న మాస్టారు తల వంచుకుని పంపు గొట్టం చుడుతున్నాడు.

“ఈ పూట నుంచే కోచ్ ఇతను” అన్నారు మాస్టారు. “లైను దగ్గర ఇతనే నిలబడతాడు. పెనాల్టీ వస్తే ఎటు కొట్టాలో కొట్టేవాడే చూసుకుంటాడు. నేను గ్యాలరీలో మా ఆవిడ పక్కన కూర్చుంటాను.”