ఆఖరి పిల్ల పక్కన మా తమ్ముడు

మా తమ్ముడు ఆడపిల్లలకు పరుగు పందేలు నేర్పే మాస్టారు. ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నాడు కానీ, ఏ పందెంలో ఎవరు గెలిచారో వాడికి ఇంతవరకూ తెలియదు. ఊరంతా ముందున్న పిల్లని చూస్తుంటే, వాడు ఆఖరి పిల్ల పక్కన గీత అంచునే ఈల ఊదుకుంటూ పరుగెడుతుంటాడు.

నేను చదివింది రెండో తరగతే. అయినా ఆ పిల్లల చొక్కాలు ఉతికేది నేను కాబట్టి అడిగే హక్కు నాకుంది.

"ఎవర్రా ఇవాళ గెలిచింది?"

"ఎవరో ఒకరు గెలిచే ఉంటార్లే అక్కా. ఆఖర్న వచ్చిన బుజ్జిది మాత్రం ఎంత బాగా లాక్కొచ్చిందనుకున్నావ్!"

బ్యాంకులో వరసలో నిలబడితే, వెనకొచ్చిన వాళ్లందరినీ ముందుకు పంపి, తలుపులు మూసేవేళకు వచ్చినపని కాకుండానే తిరిగొస్తాడు. వాడి పెళ్లిలో ఆఖరి పంక్తిలో భోంచేసింది వాడే. అప్పటికి పెళ్లికూతురు ఒక నిద్ర తీసి లేచింది.

పోయినేడు ఒక పొడుగుకాళ్ల పిల్ల చేరింది. పుట్టినప్పుడు మగపిల్లాడని రాయించారు. తను ఆడపిల్లనని ఇంట్లోవాళ్లకు చెప్పి, ఒప్పించి, జడ వేసుకుని వచ్చింది. వచ్చీరాగానే రెండు పందేలు గెలిచింది.

రెండుసార్లూ రెండో స్థానంలో వచ్చిన పిల్ల తల్లి బట్టలు కుడుతుంది. మెడలో టేపుతోనే వచ్చేసింది.

"మాస్టారూ, నా కూతురు మూడేళ్లుగా ఒళ్లు హూనం చేసుకుంటోంది. ఇది న్యాయమేనా? అది ఎంత తేడాతో గెలిచిందో మీరే చెప్పండి!"

"నేను చూళ్లేదమ్మా."

ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఆవిడ బాధలో అబద్ధం లేదు. గోడవారన నిలబడి విన్న పొడుగుకాళ్లదాని కళ్లలోనూ లేదు.

పందేలు నడిపే పెద్దలు కూర్చుని, సంగతి తేలేదాకా ఆ పిల్ల పరుగెత్తవచ్చు గానీ స్థానం లెక్కలోకి రాదన్నారు.

తర్వాతి పందెంలో పొడుగుకాళ్లది ఆఖర్న వచ్చింది. తమ్ముడు పక్కనే పరుగెడుతూ గద్దించాడు.

"కాలు నొప్పా?"

"లేదు మాస్టారూ."

"మరీ నత్తనడకేంటే?"

"ముందుంటే అందరూ తిడుతున్నారు. ఆఖర్నుంటే మీరైనా పక్కనుంటారు."

ఇరవై ఏళ్లలో మొదటిసారి వాడు పందెం మధ్యలో నిలబడిపోయాడు.

ఈలోగా గెలిచిన దర్జీ కూతురు విసవిసా వచ్చింది. "కావాలనే ఆగావు కదూ? ఇలాంటి గెలుపు నా మొహాన పారేయకు. తేలేది తేలనీ, నాతో మాత్రం సరిగ్గా పరుగెత్తు!"

ఇంటికొచ్చాక తమ్ముడు అన్నం కలుపుతూ అన్నాడు. "ముందొచ్చేవాళ్లకి చప్పట్లుంటాయి, ఆఖరివాళ్లకి నేనుంటే చాలనుకున్నానక్కా. ముందున్నా ఒంటరైపోతారని తెలీలేదు. ఇకనుంచి ముగింపు గీత దగ్గర నిలబడతా."

"మరి ఆఖరి పిల్ల గతేంట్రా?"

వాడు నా మోకాళ్ల వంక చూశాడు.

ఆ పై వారం పొడుగుకాళ్లదీ, దర్జీ కూతురూ పంతం పట్టి పరుగెత్తారు. గీత దగ్గర వాడు ఇద్దరినీ పిలుస్తూ గొంతు చించుకుంటున్నాడు. వెనకెక్కడో, అరవై ఎనిమిదేళ్ల నేను చెప్పులు చేతబట్టుకుని బుజ్జిదాని పక్కన రొప్పుతున్నాను.

అదే నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఇంకొంచెమే మామ్మా, వచ్చేశాం!"