మెహరాజ్ కట్టిన మట్టి గోడ

బోయిగూడ చుట్టుపక్కల ఎవరు స్లాబు వేసినా సెంట్రింగ్ సామాను కోసం మెహరాజ్ దగ్గరికే వచ్చేవారు. తండ్రికి పక్షవాతం వచ్చాక, ఇనుప పలకలు, జాకీలు, కర్రలు అద్దెకిచ్చే ఆ దుకాణాన్ని ఆమే నడుపుతోంది. పనిలో మాట పడేది కాదు. ఆమెకు ఒక్కటే వెలితి. కాంక్రీటు గట్టిపడగానే పలకలు ఊడదీసి తెచ్చేస్తారు. ఆపైన ప్లాస్టరింగ్, రంగులు. మోండా మార్కెట్‌కి వెళ్లే దారిలో తన పలకల మీద లేచిన మేడలు ఎన్నో ఉన్నాయి. ఒక్కదాన్ని చూపించి ఇది నా పని అనడానికి లేదు.

ఒక ఎండాకాలం పొద్దున జెరూషా అనే ఆర్కిటెక్టు దుకాణానికి వచ్చింది. మారేడ్‌పల్లిలో కాంతమణి అనే రిటైరైన సంగీతం టీచరు, చర్చి పిల్లలకు తన పెరట్లోని రేకుల షెడ్డులో పాటలు నేర్పుతోంది. లోపల ఉడికిపోతుంది, బయట పాటల మోత భరించలేమని ఇరుగుపొరుగు గోల చేస్తున్నారు. అందుకే అక్కడ మందపాటి మట్టి గోడలతో గది కట్టాలనుకుంటున్నారు. ఎదురెదురుగా పలకలు నిలబెట్టి పెట్టెలా బిగించాలి. మొరం, ఇసుక, కాస్త సిమెంటు కలిపి, తడి తగిలీ తగలనట్టు చేసి, పొరలు పొరలుగా పోస్తూ దిమ్మిసతో కుమ్మాలి. పలకలు తీస్తే నిలబడేదే గోడ.

"పైన ప్లాస్టరింగ్ చెయ్యరా మేడం?" అని అడిగింది మెహరాజ్.

"చెయ్యం. మీ పలక ఎలా ఉంటే గోడ అలా కనిపిస్తుంది."

మెహరాజ్ పక్కనున్న పలక మీద చెయ్యేసింది. "అయితే పలకలు కిరాయికియ్యను. గోడ నేనే కడత."

"ఇంతకుముందు కట్టారా?"

"లేదు. మీరు కట్టిన్రా?"

జెరూషా నవ్వేసింది. "కాలేజీలో చిన్న ముక్క కట్టాం, అంతే."

"మరింకేంది, ఇద్దరం కలిసి నేర్చుకుందాం."

తండ్రి కాలం నుంచి ఉన్న మేస్త్రీ సదాశివకు ఇది నచ్చలేదు. "ఊర్ల మట్టిగోడలు ఇడిచిపెట్టి పట్నమొచ్చినం బిడ్డా. మల్ల గదే మట్టా?" అన్నాడు. అయినా ఆమె మాట తీసేయలేక పనిలోకి దిగాడు.

పరీక్ష కోసం కట్టిన మొదటి గోడకు కడుపొచ్చి, మధ్యలో ఉబ్బిపోయింది. స్లాబు పలకలు పైనుంచి బరువు మోస్తాయి. ఇక్కడ మట్టి పక్కలకు తన్నుతుంది. మెహరాజ్ మందపాటి ప్లైవుడ్ తెప్పించి, వెనక ఇనుప ఛానెళ్లు కట్టి, పొడుగు బోల్టులతో రెండు వైపులా బిగించింది. జెరూషా మట్టిని గుప్పిట్లో నొక్కి ముద్ద చేసి, కింద పడేసి, అది పగిలే తీరును బట్టి నీళ్లు ఎంత కలపాలో సరిచేసింది. రెండో పరీక్ష గోడ నిటారుగా వచ్చింది.

గదికి అసలైన మొదటి గోడ ఛాతీ ఎత్తుకు లేచాక, ఓ మధ్యాహ్నం గాలివాన కొట్టింది. టార్పాలిన్ లేచిపోయింది. మర్నాడు పలక విప్పితే పైభాగం గోధుమపిండి ముద్దలా జారింది.

కాంతమణి టీచరు వచ్చి చూసింది. "పోనీలేమ్మా, సిమెంటు పూత పూయించెయ్యి. పాడుకునే పిల్లలకు గోడ అందంతో పనేముంది?"

"అందం కోసం కాదు టీచరమ్మా. పూత కింద గోడ మెత్తగనే ఉంటది. పిల్లలు ఆనుకునే గోడ ఇది. మెత్తగున్నదంతా తీసేస్త."

సదాశివ తలపాగా విప్పి దులుపుకున్నాడు. "ఇంకోసారి కుమ్ముడు నాతోని కాదు బిడ్డా," అని వెళ్లిపోయాడు. కూలీలూ అతని వెంటే పోయారు.

మెహరాజ్ వెనక్కి పిలవలేదు. చున్నీ నడుముకు బిగించి గడ్డపార అందుకుంది. జెరూషా పార పట్టింది. గట్టి పొర తగిలేదాకా తవ్వి తీశారు. ఆ తర్వాత మెహరాజ్ తన దుకాణంలోని కర్రలు, రేకులు తెప్పించి, గోడ మొత్తానికీ పందిరి వేయించింది. అది లేచాకే, అడ్డా మీద మాట్లాడుకొచ్చిన ఇద్దరు ఆడకూలీలతో మళ్లీ మట్టి పోయించింది.

మొదట్లో దిమ్మిస దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది. పొర బిగిసేకొద్దీ ఖంగుమంటుంది. వరండాలో కూర్చున్న కాంతమణికి ఆ తేడా పట్టుబడింది. "ఇంకా శ్రుతి కుదర్లేదమ్మా," అనేది. కాసేపటికి, "ఆ, ఇప్పుడు పొయ్యండి." భుజాలు పట్టేసినా మెహరాజ్ ఆ మాట వచ్చేదాకా దిమ్మిస దించేది కాదు.

ఆ గోడ పూర్తయ్యే వేళకు సదాశివ వచ్చాడు. ఏమీ అడగకుండా తూకపు గుండు వేలాడదీసి మూల నిటారుగా ఉందో లేదో చూశాడు.

"సక్కగనే ఉన్నది. జెర చెయ్యి తిరిగింది నీకు," అన్నాడు. "రెండో గోడకు నేనొస్త."

"రా కాకా. దిమ్మిస బరువున్నది, నీకైతే అలవాటే."

మిగతా గోడలూ లేచి, వానాకాలానికి ముందే కప్పు పడింది. మొదటి పెద్ద వాన కురిసిన సాయంత్రం మెహరాజ్ ఆటో ఎక్కి మారేడ్‌పల్లి వెళ్లింది. చూరు నీళ్లు గోడకు దూరంగా పడుతున్నాయి. ఎరుపు, గోధుమ రంగు పొరలు చెక్కు చెదరలేదు. తలుపు తీస్తే గానీ లోపల పిల్లలు పాడుతున్నట్టు తెలియలేదు. ఆమె తడిచెప్పులు విడిచి లోపలికి వెళ్లి, గోడకు వీపు ఆనించి పాట అయ్యేదాకా నిలబడింది.

మర్నాడు పొద్దున్నే దుకాణంలో ప్లైవుడ్ కొలిచి, ఇకమీద కట్టబోయే మట్టి గోడల కోసం రెండో జత పలకలు కోయడం షురూ చేసింది.