టైముకొచ్చిన పాసింజరు

బండికి టైమంటూ ఒకటుంటుందని ఆ రోజుల్లో మావైపు టైమ్‌టేబుల్ అచ్చువేసినవాళ్లకు తప్ప ఎవరికీ పట్టేది కాదు. విశాఖపట్నం వెళ్లే పొద్దుటి పాసింజరు అవతలి వంతెన దగ్గర కూతేస్తే, అప్పుడు మావాళ్లు తలకు నూనె రాసుకునేవారు. పద్మనాభం వైపు పొలాల మధ్య ఉన్న ఆ హాల్టులో నేను టికెట్లమ్మే ఏజెంటుని (మనసులో మాత్రం స్టేషన్ మాస్టర్నే). గట్ల మీద జనం కనబడితే చాలు, "బావా, కూసింత ఆగు, వంకాయలోళ్లు వత్తన్నారు" అని గార్డుతో అనేవాణ్ణి. (ఆయన నాకేమీ కాడు, మావైపు మగవాళ్లందరూ బావలే.) ఆయన ఆగేవాడు.

ఎనభైల మొదట్లో ఒకనాడు పైనుంచి కబురొచ్చింది. ఎక్కేవాళ్లు లేని హాల్టులు ఎత్తేస్తారట, ఆఫీసరు బండిలోనే వచ్చి కళ్లారా చూస్తాడట. హాల్టు పోతే ఆడవాళ్లు గంపలెత్తుకుని బస్సు కోసం నాలుగు మైళ్లు నడవాలి; నా ఉద్యోగమూ పోతుంది. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ వస్తామన్నారు. ఆఫీసరు చూస్తాడు కదా అని పెట్టెల్లోంచి పట్టుచీరలు కూడా తీశారు.

ఆఫీసరెక్కిన బండి కాబట్టి ఆ రోజు నిమిషం తేడా లేకుండా వచ్చేసింది. ప్లాట్‌ఫారం మీద నేనూ, ఒక మేకా ఉన్నాం.

"పాసింజర్లెక్కడయ్యా?" అన్నాడాయన.

"వస్తున్నారండి" అని పొలాలవైపు చూపించాను. నిజంగానే వస్తున్నారు. పట్టుచీరలు ఎగదోపుకుని, గంపలు నెత్తిన పెట్టుకుని, ఊరంతా గట్ల మీద పరుగు. ఆయన గడియారం చూసుకున్నాడు. గార్డు నావైపు చూశాడు. రోజూ అనే ఆ ఒక్క మాట అంటే ఆగడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఆఫీసరు కోటు చూసేసరికి నాకు నోరు పెగల్లేదు. పైపెచ్చు సెల్యూట్ కొట్టాను. పచ్చజెండా ఊగింది, బండి వెళ్లిపోయింది.

అందరికంటే ముందు చేరిన మా పెద్దమ్మ గంప దించి పట్టాలవైపు చూసింది.

"ఏటి బాబూ, జడేసుకునే లోపే ఎల్లిపోనాది? దానికంత తొందర పనేటుంది?"

నేను అమ్ముడుపోని టికెట్లు సర్దుకోసాగాను.

"గార్డుబాబుని ఆగమని సెప్పలేదేటి?"

"సెప్పలేదు పెద్దమ్మా."

ఆమె గంప మళ్లీ నెత్తికెత్తుకుంది. ఆ వంకాయలు మర్నాటికి వాడిపోయాయి. ఏడాది తిరక్కుండా హాల్టు ఎత్తేశారు. నేను ఉక్కు కర్మాగారం పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా కుదిరి, ఎంతోమంది కోట్లు తొడుక్కున్నవాళ్లను చూసి, మెల్లగా భయం పోగొట్టుకున్నాను.

మొన్న అటు వెళ్లినప్పుడు ముళ్లకంపల మధ్య, ఒకప్పుడు నేను టికెట్లమ్మిన రేకుల గది ముందు నిలబడ్డాను. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, దూసుకుపోతున్న ఎక్స్‌ప్రెస్‌తో గట్టిగానే అన్నాను, "రెండు నిమిషాలు ఆగండి సార్" అని. ఆగలేదనుకోండి. మాట మాత్రం తడబడకుండా వచ్చింది.