ఏడుగురికి కొయ్యని తొడ

మా లోయలో మనిషిని సాగనంపడమంటే ఉప్పు పెట్టిన పందితొడతో సాగనంపడం. ముందు శవం మీద మట్టి పడాలి. తరువాత దగ్గరి చుట్టం కత్తి పట్టుకుని, ఉడికించిన తొడలోంచి మొదటి ముక్క కొయ్యాలి. అప్పుడే ఊరు నోట్లో ఏదైనా పెట్టుకోవాలి. ఎంత లేనివాడికైనా ఇది తప్పదు. ‘వాణ్ణి తొడ పెట్టకుండా పూడ్చారు’ అంటే యార్క్‌షైర్‌లో మా వైపు అంతకు మించిన తిట్టు లేదు. ఈ మాత్రం తెలియనివాళ్ళు మా కొండ మీద పోయిన ఏడుగురికి సంస్మరణ చేశారు. నాకు ఒళ్ళు మండి మా ఏగ్నెస్ అక్క సంగతి రాస్తున్నాను.

నా పేరు వాల్టర్ కియర్టన్. ఊరి బడిలో చదివిందే నా చదువు. నా పొట్టేళ్ళు జిల్లా ప్రదర్శనలో మూడుసార్లు మొదటి బహుమతి తెచ్చాయి. మట్టీ సున్నం లేకుండా నేను పేర్చిన రాతిగోడల్లో ఒక్కటి కూడా ఇంతవరకూ మంచుకు కూలలేదు. ప్రార్థన మందిరంలో పాట ఎత్తుకునేది ముప్పై ఏళ్ళు నేనే. చేసినవాణ్ణి గనుక చెప్పుకుంటున్నాను.

ఏగ్నెస్ మా పెదనాన్న కూతురు. యుద్ధం జరుగుతున్న రోజులవి. ఆ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పొగమంచులోంచి పెద్ద బాంబర్ విమానం వచ్చి కొండ మీద మా మేతబీడు గోడను గుద్దుకుంది. శత్రువు గుండు తగిలి కాదు. కొత్త కుర్రాళ్ళకు చెయ్యి తిరగాలని పంపిన విమానం. దారి తప్పి, సొంత దేశపు గడ్డ మీదే పడింది. అక్కా, నేనూ, పెదనాన్నా దెబ్బతిన్నవాళ్ళను మోయడానికి కొట్టం తలుపు ఊడదీసి భుజాన వేసుకుని పరుగెత్తాం. ఆరుగురు అప్పటికే పోయారు. తోకభాగంలో కూర్చునేవాడు, ఐవర్ ప్రాథరో అనే వేల్స్ కుర్రాడు, ఇంకా ఊపిరితో ఉన్నాడు. అక్క వాడి తల ఒళ్ళో పెట్టుకుంది.

“మీ గోడ పడగొట్టాం, అక్కా. కోప్పడకు,” అన్నాడు.

“గోడదేముంది నాయనా, మా వాల్ట్ కడతాడులే. నువ్వు కళ్ళు మూసుకోకు.”

మూసుకున్నాడు.

ఏడుగురినీ మా కొట్టంలోకి దించాం. అక్క వాళ్ళ ముఖాలు కడిగింది, మెడల్లో బిళ్ళల మీది పేర్లు చదువుకుంది. మా గడ్డ మీద పోయినవాడు మా గడపలోంచే సాగాలి. పందిని కొయ్యాలన్నా సర్కారు చీటీ కావలసిన కాలం. ఇంట్లో వేలాడుతున్న ఒకే ఒక్క తొడ, ఈస్టరుకు జరగాల్సిన అక్క పెళ్ళి కోసం దాచింది. అక్క దాన్ని దించి పొయ్యి మీద పెట్టింది. పెదనాన్న పొయ్యిలోకి కట్టెలు ఎగదోశాడు.

మర్నాడు లారీ వచ్చింది. అధికారి ఏడుగురినీ శవపెట్టెల్లో పెట్టించి ఎక్కించేశాడు.

“అయ్యా, మట్టి ఎక్కడ వేస్తారు? మేమూ వస్తాం,” అంది అక్క.

“వాళ్ళ ఊళ్ళకు రైల్లో పోతాయి, అమ్మాయ్. మీరు చేసింది చాలు. ఈ సంగతి బయట మాట్లాడకండి.”

తొడ బల్ల మీద ఉండిపోయింది. మట్టి పడలేదు, కోసేందుకు చుట్టం లేడు. ఎలా ముట్టుకుంటాం? అక్క దాన్ని గుడ్డలో చుట్టి, గోడ కూలిన చోట గొయ్యి తీసి పూడ్చేసింది. ఊరు నవ్వింది. అక్క అత్తగారయితే పెళ్ళిరోజునే అందుకుంది: “మా కోడలి పెళ్ళికి తొడ లేదమ్మా, ఊరూ పేరూ తెలియని శవాలకు పెట్టేసింది!”

“శవాలకు పేర్లున్నాయి అత్తమ్మా. చెప్పనా?” అని అక్క ఏడు పేర్లూ గడగడా చెప్పింది. పెళ్ళి విందులో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఆ గోడను తిరిగి కట్టింది నేనే. అక్క మాత్రం ఏటా ఒక తొడకు ఉప్పూ సురేకారం పట్టించి వంటింటి దూలానికి వేలాడదీసేది. ఆ ఏడుగురి చుట్టాల్లో ఒక్కరైనా వచ్చి కొయ్యాలని ఆమె పట్టుదల. ఎవరూ రాలేదు. ఏడాది తిరిగాక కొత్తది కట్టి, పాతది ఇంట్లో వాడేది. ఇద్దరు బిడ్డల్ని పెంచింది, మొగుణ్ణి సాగనంపింది, గొర్రెల మందను ఒంటిచేత్తో నడిపింది. దూలం మాత్రం ఖాళీగా ఉంచలేదు.

నలభై అయిదేళ్ళ తరువాత సంస్మరణ సంఘమొకటి పుట్టింది. అధ్యక్షుడు పెంబర్టన్, ఉద్యోగం చాలించి మా లోయలో ఇల్లు కొనుక్కున్నాడు. అక్క నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ సమావేశానికి వెళ్ళింది.

“ఫిబ్రవరిలో చెయ్యండి. పైకి తీసుకెళ్ళండి. తొడ నేను తెస్తాను.”

“ఫిబ్రవరిలో మంచు కదండీ, అతిథులకు కష్టం. జులైలో, కింద కార్లు ఆగే చోట రాయి పెడుతున్నాం. తిండి హోటలువాళ్ళది. మీరు ముందు వరుసలో కూర్చోండి, చాలు.”

“కూర్చోడానికి మా ఇంట్లో కుర్చీలు లేవా బాబూ?”

చచ్చింది పైన, రాయి కింద! కార్ల పక్కన! జులైలో ఆ వేళ రాయి మీది గుడ్డ లాగారు, బాకా ఊదారు, చప్పట్లు కొట్టారు. వెంటనే పళ్ళాలు తిప్పారు. ఏడిళ్ళలోంచి వచ్చింది ఒకే ఒక్క మనిషి, ఐవర్ చెల్లెలు బ్రాన్‌వెన్. ఆమె చేతిలో ఎవరో సాండ్‌విచ్ పెట్టారు. అక్క ఉడికించిన తొడ ఉన్న బుట్టతో ఆ జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది.

“అది కింద పెట్టెయ్యమ్మా. మీ అన్నకు మా గడ్డ మీద ఇంకా మట్టి వెయ్యలేదు.”

పెంబర్టన్ అడ్డొచ్చాడు. “మేడమ్, ఇప్పుడివన్నీ ఎందుకు? అయినా ఆవిడ ఈ బూట్లతో పైకెలా వెళ్తుంది? దారే లేదు.”

నేను మధ్యలో దూరాను. “దారి లేదా? నా గొర్రెలకున్న దారి నీకు లేదేమో! రా అమ్మా, ట్రాక్టరెక్కు. పెంబర్టన్ గారూ, మీ రాయి జాగ్రత్త, ఎవరైనా కారు వెనక్కి తీస్తే పడిపోతుంది!”

జనంలో ఎవరో పకపకా నవ్వారు. బ్రాన్‌వెన్ ఎక్కింది.

పైన గోడ దగ్గర అక్క ఆమెకు ఐవర్ ఆఖరి మాట చెప్పింది. బ్రాన్‌వెన్ నవ్వబోయి ఏడ్చింది.

“మా అన్నంతే. చిన్నప్పుడు మా నాన్న గోడ కూల్చి తన్నులు తిన్నాడు. అప్పట్నుంచీ గోడంటే భయం.”

గుప్పెడు మట్టి తీసి గోడ మొదట్లో వేసింది. అక్క బుట్ట విప్పి కత్తి ఇచ్చింది. బ్రాన్‌వెన్ మొదటి ముక్క కోసింది. మేం ముగ్గురం నిలబడే తిన్నాం. రెండో ముక్కకు కత్తి పెట్టి, “మిగతా ఆరుగురికీ నేనే కొయ్యనా?” అని అడిగింది.

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. “వద్దమ్మా. ఏ ఇంటి చావుకు ఆ ఇంటి చెయ్యే. నీ అన్న రుణం తీరింది. వాళ్ళది తీరలేదు.”

ఆ ఏడు కూడా దూలానికి కొత్త తొడ ఎక్కింది.

పోయిన చలికాలంలో అక్క వెళ్ళిపోయింది. మట్టి వేశాక ఆమె కూతురే మొదటి ముక్క కోసింది. పెంబర్టన్ వచ్చి, ఆ రాయి మీద అక్క పేరు కూడా చెక్కిస్తామన్నాడు. కార్ల పొగ పీల్చుకుంటూ మా అక్క నిలబడదని చెప్పి పంపేశాను.

ఇప్పుడు తొడ మా ఇంటి దూలానికి వేలాడుతోంది. ఉప్పు పట్టించడంలో కూడా నాకు బహుమతి ఉంది. ఆ ఆరుగురికి చుట్టాలెవరైనా బతికుంటే జులైలో కింద రాయి దగ్గరికి పోకండి. ఫిబ్రవరిలో మా గడప తొక్కండి. ట్రాక్టరు నేనే తోలతాను.