పాలకు బేరం

తిరువళ్ళూరు బజారులో వంకాయలకు బేరమాడినవాళ్ళున్నారు, ఎద్దుకు బేరమాడినవాళ్ళున్నారు, కూతురి పెళ్ళిపందిట్లో మేళగాళ్ళతో బేరమాడినవాళ్ళూ ఉన్నారు. తల్లిపాలకు వెల కట్టి, అదీ తక్కువలో తక్కువకు అడిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఇంతవరకూ ఆ గొప్ప నా చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు.

మాది పప్పులూ ఉప్పులూ అమ్మే కొట్టు. నాకు అక్షరాలకంటే ముందు తక్కెడ తెలుసు. ధర చెప్పకుండా ఇచ్చే సరుకులో ఎక్కడో పుచ్చు ఉంటుందని నాన్న నేర్పాడు. కొసరు వేయడం కూడా ఆయనే నేర్పాడు. తూకం అయ్యాక గుప్పెడు పప్పు తీసి సంచిలో ఊరికే వేస్తే కొన్నవాళ్ళ ముఖం విప్పారుతుంది. అయితే ఆ గుప్పెడు మన ఇంట్లోంచి పోకూడదు. ముల్లు సరిగ్గా నిలబడకముందే పళ్ళెం దించేస్తే తూకం గుప్పెడు తగ్గుతుంది, కొసరు ఆ తగ్గినదాంట్లోంచే వచ్చేస్తుంది. మేము ఊరికే ఇచ్చినవన్నీ అలాంటివే.

డెబ్బైల చివర్లో నా భార్య మొదటి కాన్పుకు తిరుత్తణిలో పుట్టింటికి వెళ్ళింది. మగబిడ్డ పుట్టాడు. పదకొండో రోజు పురుడు కాకముందే ఆమెకు ఒళ్ళు తెలియని జ్వరం వచ్చింది. మందులు ఘాటైనవి, బిడ్డకు పాలివ్వకూడదన్నాడు డాక్టరు. ఆవుపాలు పట్టాం, కక్కేశాడు. డబ్బాపాలు పట్టాం, అవీ కక్కేశాడు. తొడల మీద చర్మం పెద్దవాళ్ళ చొక్కా తొడిగినట్టు వదులైపోయింది. కొట్టు నాన్నకు వదిలేసి నేను తిరుత్తణిలోనే ఉండిపోయాను. కొండమీది మురుగనికి మొక్కుకున్నాను. మొదట వాడి తలనీలాలన్నాను, తరువాత కావడి అన్నాను, సాయంత్రానికి వెండి వేలాయుధం దాకా వెళ్ళాను. అన్నీ ఒకే రకం మొక్కులు: వీడు బతికితే ఇస్తాను. సరుకు చేతికొచ్చాకే చెల్లింపు.

ఒక పొద్దున పెరటి తలుపు దగ్గర ఒకామె నిలబడింది. అత్తిమంజేరిపేట వైపు మనిషి, క్రైస్తవురాలు. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల పక్క క్వార్టర్స్‌లో ఉంటారు. మజ్జిగ కోసం మా అత్త దగ్గరికి వస్తుండేది. ఆమెకు పుట్టిన బిడ్డ ఆ నెలలోనే పోయింది.

“బిడ్డ ఏడుపు పలచబడి పోయిందే పెద్దమ్మా. నాకియ్యండి” అంది.

అత్త నా వైపు చూసింది. నేను బిడ్డ వైపు చూశాను. అడ్డుచెప్పే తీరిక ఎవరికీ లేదు. వాడు పట్టుకున్నాడు. గుటకల చప్పుడు వంటింటి దాకా వినిపించింది.

ఆ రోజునుంచి పూటపూటకూ వచ్చేది. బిడ్డ ఒళ్ళు కాస్త నిండింది. వాడి ప్రాణం మీద భయం తగ్గగానే నాలోని కొట్టువాడు లేచాడు.

“ఊరకే ఇస్తా ఉండాదే నాయనా, రేపు ఏం అడుగుతాదో” అని అత్త గుసగుసలాడింది. “మీరందరూ మా చర్చికి రండి అంటే ఏం చేసేది?”

“దానికే గదా అత్తా, ముందే రేటు మాట్లాడేస్తే సరి. రేపు నోరెత్తేదానికి ఉండదు.”

“నువ్వు పోయి మాట్లాడితే యాడన్నా చెడుతాదేమో!”

“నా బేరం యాడ చెడింది అత్తా?” అన్నాను.

మధ్యాహ్నం క్వార్టర్స్‌కు వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. లోపల గోడకు చెక్క సిలువ, పక్కన మేకుకు చిన్న ఊలు టోపీ. ఆ టోపీ చూసైనా నేను వెనక్కి తిరగాల్సింది.

“రండి సెట్టిగారూ. బిడ్డ పండుకున్నాడా?”

“పండుకున్నాడు. అది కాదక్కా, మన లెక్క ఒకటి తేల్చుకోవాల గదా. నెలకు ఇరవై రూపాయలు, ఒక చీర. ఏమంటావు?”

చేటలో వేళ్ళు ఆగిపోయాయి. ఆమె మాట్లాడలేదు. బజారులో ఎదుటిమనిషి మాట్లాడకపోతే, చాలలేదని అర్థం.

“సరి, ఇరవై ఐదు. పైన బియ్యం.”

ఆమె నా ముఖమే చూస్తోంది. గట్టిపిండం అనుకున్నాను.

“ముప్పై. ఇంక దాటేది లేదు. ఆ రేటుకు యాడైనా దొరుకుతాది.”

“యాడ దొరుకుతాదో ఆడనే తెచ్చుకోండి” అంది. గొంతు పెంచలేదు.

అప్పుడు నేను బజారులో అందరూ వేసే ఎత్తే వేశాను. అక్కర్లేదన్నట్టు వెనక్కి తిరిగి, పిలుపు అందేంత నెమ్మదిగా నడిచాను. ఎంతటివాడైనా కొట్టు దాటేలోపు పిలవాల్సిందే. ఆమె పిలవలేదు. వెనక చేటలో బియ్యం మళ్ళీ గలగలమన్నాయి.

పాలవేళ వచ్చింది, ఆమె రాలేదు. బిడ్డ ఏడ్చాడు. ఆవుపాలు చెంచాతో పోస్తే దగ్గి బయటికి తోశాడు. లోపల మంచం మీద నా భార్యకు స్పృహ అంతంతమాత్రం. అయినా ఆ ఏడుపుకు చేతులు కదిలించి వెతుక్కుంటోంది. అత్త నన్ను ఒకటే తిట్టు. “బేరమంట బేరం! దేవుడు ఇంటికి పంపిస్తే పోయి రేటు అడిగినాడు పెద్దమనిషి!” కాసేపటికి వాడు ఏడుపు ఆపేశాడు. ఏడుపుకంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి పరుగెత్తాను.

ఆమె ఎదురొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“యాడికి అట్లా పరిగెత్తతా ఉండారు? ఇంకో అయిదు పెంచేదానికా?”

“అక్కా, బుద్ధి లేక...”

“దారి ఇడవండి ముందు. బిడ్డ కాచుకోనుంటాడు.”

వాడు కడుపునిండా తాగి, నోరు తెరుచుకునే నిద్రపోయాడు. అప్పుడు చెప్పింది.

“రాకూడదనే కూసున్నా సెట్టిగారూ. నా బిడ్డ పోయినాక ఈ పాలు గోడకు పిండి పోస్తా వచ్చినా. వీటికి మీరు రేటు చెప్తే నా బిడ్డకు చెప్పినట్టుండింది. ఏసయ్యతో గొడవ పడినా. నీకు ఈ మనిషి బిడ్డే దొరికినాడా అని.”

“ఆయన ఏమన్నాడు?” నేను ఎగతాళికి అడగలేదు.

“ఏమీ అనలేదు. పాలవేళకు రవికె తడిసిపోయింది.” నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

అత్త ఆగలేకపోయింది. “మేం నీకు ఏమైతామని తల్లీ ఇదంతా?”

“ఏమీ కారు పెద్దమ్మా. ఏసయ్యకు మాత్రం మేం ఏమైనాం? మేం మంచోళ్ళం అయినాక ప్రాణం ఇస్తానని ఆయన కాచుకోని ఉండలే. మొహాన ఉమ్మేటప్పుడే ఇచ్చేసినాడు. తిరిగి ఇచ్చేదానికి నా దగ్గర ఏముండాది? ఈ పాలుండాయి, అంతే.”

సిలువ నేను చూడనిదేమీ కాదు. అదీ ఒక బేరమే అనుకునేవాణ్ణి. ఆయన ప్రాణమిచ్చాడు, వీళ్ళు మొక్కుతున్నారు, చెల్లుకు చెల్లు. అడగకముందే ఇవ్వడం, అవమానించాక కూడా ఇవ్వడం, తీసుకున్నవాడు తిరిగి ఏమీ ఇవ్వలేడని తెలిసి ఇవ్వడం, ఈ మూడూ కలిసిన సరుకు నా కొట్టులో ఎన్నడూ లేదు. పుచ్చు ఎక్కడుందా అని చాలాకాలం వెతికాను. మేము భయపడినట్టు ఆమె ఏనాడూ మమ్మల్ని చర్చికి రమ్మనలేదు. కొండమీద బిడ్డకు గుండు చేయించి దిగుతుంటే మెట్ల కింద నిలబడి ఉంది. “కొబ్బరికాయ మాదిరి ఉండావే సామీ” అని వాడి గుండు నిమిరింది.

నా భార్య కోలుకుంది, కానీ పాలు పడలేదు. వాడు అన్నం తినడం నేర్చేదాకా అక్క పాలే తాగాడు.

కొన్నేళ్ళకు ఆమె భర్తకు మా తిరువళ్ళూరుకు బదిలీ అయింది. మణవాళనగర్‌లో ఇల్లు తీసుకున్నారు. నెలసరుకులకు ఆమె మా కొట్టుకే వచ్చేది. మొదటిసారి సంచి నింపి డబ్బు వద్దన్నాను. సంచి గల్లామీద పెట్టి, “అట్లయితే ఎదురు కొట్టుకు పోతా” అంది. పైగా, నన్ను మించి బేరమాడేది.

“కందిపప్పు ఇంత రేటా? అన్యాయం సెట్టీ!”

“పాలకు నోరు తెరవనిదానివి, పప్పుకు ఇంత గొంతా అక్కా?”

“అవి ఏసయ్యవి. ఇది మా ఇంటాయన జీతం. కొసరు వెయ్యి!”

వేసేవాణ్ణి. ఆమె సంచి చంకన పెట్టుకుని, కొట్టు ముందు గోలీలాడుతున్న మావాడి తల నిమిరి వెళ్ళిపోయేది.

ఇక బిల్లు. ఆమె ఇచ్చింది నా కొడుకు ప్రాణం. నేను మాటతో కొట్టిన రోజు కూడా ఇవ్వడం ఆపలేదు. నేను ఇచ్చింది, వచ్చినప్పుడల్లా గుప్పెడు కందిపప్పు కొసరు. అదైనా నాదే అని రాసుకుందామంటే, నా చేతి అలవాటు నాకు తెలుసు. ముల్లు నిలబడకముందే పళ్ళెం దించేసి, ఆ గుప్పెడు ఆమె తూకంలోంచే మిగిల్చాను.