చీటీ తీయనిదే గింజ ముట్టని చిలక

అప్పట్లో నాకు ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు డైరీలో గళ్లు గీయాలి. చొక్కా గుడ్డకైనా గళ్లే, అద్దె ఇంటికైనా గళ్లే. ఒక్కో గడిలో మార్కులు వేసి, కూడి, ఎక్కువ వచ్చినదాన్ని ఎంచుకుంటే జీవితంలో పొరపాటే జరగదని నా గట్టి నమ్మకం.

డెబ్బైలు ముగిసే రోజులు. తిరువళ్లూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. పెళ్లయి మూడు నెలలు. మా ఆవిడది తిరుత్తణి. శుక్రవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సంచి సర్దుకుని రైలుకు తయారుగా ఉండేది. సోమవారం వస్తానని వెళ్లి బుధవారం వచ్చేది. ఇంట్లో ఉన్న రోజుల్లోనూ "ఊఁ", "సరే", "అన్నం పెట్టేదా?" ఈ మూడు మాటలే. ఇలాగే సాగితే ఏదో ఒక బుధవారం అసలు రాకుండానే పోతుందని నా భయం. తోడుగా ఒక పిట్ట ఉంటే ఆమెకు కాలు నిలుస్తుందేమో అనిపించి డైరీ తీశాను. లవ్ బర్డ్స్, పావురం, పిచ్చుక, చిలక. నోరు, తిండి, రెట్ట, ఆయుష్షు. లవ్ బర్డ్స్ పొద్దస్తమానం ముక్కులు రాసుకుంటాయి, ఇంటి ఓనరమ్మ ఒప్పుకోదు. పావురం రెట్ట దగ్గర ఫెయిలు. పిచ్చుకలు అప్పటికే మా దూలం మీద అద్దె ఇవ్వకుండా కాపురం చేస్తున్నాయి. చిలక గెలిచింది.

తిరుత్తణి కొండ కింద చిలక జోస్యాలవాళ్లు కూర్చుంటారు. అందులో ఒక ముసలాయన పాత చిలకను ఎవరికైనా ఇచ్చేయాలని చూస్తున్నాడని మా ఆవిడ అన్న చెప్పి, ఆదివారం నన్ను వెంటబెట్టుకుపోయాడు. నేను గొంతుకూర్చుని, డైరీ తెరిచి, కరుస్తుందా, అరుస్తుందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంటున్నాను.

"ఏం బావా, పెండ్లిచూపులకు వచ్చినట్టు వచ్చినావే!" అన్నాడు మా బావ. "నడిపించి చూస్తావా? పాట పాడమనేదా?"

"కొండకొచ్చేవాళ్లల్లో సగం మందికి పెండ్లి ఎప్పుడో ఇదే సెప్పినాది సార్," అన్నాడు ముసలాయన. "ఇప్పుడు ఎండకు తాళలేదు, పావం."

పిలవగానే చిలక పెట్టెలోంచి వచ్చింది, ఒక చీటీ లాగింది, ఆయన చదివి గింజ పెడితే తిని, తనంతట తనే లోపలికిపోయి, తలుపు వేయమన్నట్టు చూసింది. అంత క్రమశిక్షణ మా ఆఫీసులో సూపరింటెండెంటుకు కూడా లేదు. నూటికి నూరు వేసేశాను.

మా ఆవిడతో పాటే ఇంటికి తెచ్చాక రెండు రోజులు అది ఏమీ ముట్టలేదు. జామకాయ వద్దు, పచ్చిమిరపకాయ వద్దు. బయటికి వచ్చి గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి మళ్లీ లోపలికి పోయేది. మా ఆవిడ కళ్లల్లో నీళ్లు.

"హాయిగా ఉండిన పక్షిని పట్టుకొచ్చి సంపేస్తా ఉండారే! దీనికేమన్నా అయితే నేను ఈ ఇంట్లో ఉండేది లే. మా అమ్మకాడికే పోతా."

(ఆమె నాతో మాట్లాడిన మొదటి పొడుగు మాట అదే. డైరీలో రాసుకున్నాను.)

కాసేపు దాని నడకే చూసి, ఉలిక్కిపడింది. "ఇదో, అది చీటీ కోసరం వెతకతా ఉంది! పని చెయ్యకుండా తినదు!"

మా ఆఫీసు ఆనవాయితీకి ఇది పూర్తిగా విరుద్ధం. అయినా పరుగెత్తి ట్రంకుపెట్టె అడుగున వెతికితే ఒక అట్టముక్కల కట్ట దొరికింది. ఒక వైపు ఏదో రాసి ఉంటే దాన్ని కిందికి పెట్టి నేల మీద పరిచాను. చిలక దర్జాగా వచ్చి, రెండు తోసేసి, మూడోది పట్టుకుని, వడ్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూసి, మా ఆవిడ అరచేతిలో వేసి, తల వంచి నిలబడింది. చదివితే తప్ప తినదు కదా! మా ఆవిడ చదువంతా అరవంలో. తెలుగు కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది:

"తి-రు-త్త-ణి పిల్ల. ఎత్తు: పరవాలేదు. వంట: విచారించాలి. నోరు: లేనట్టుంది, లాభమే. మొత్తం అరవై ఒకటి."

చిలక గింజ తీసుకుంది. తాపీగా కొరకసాగింది.

అవి పెళ్లిచూపులకు తిరిగినప్పుడు నేను ఒక్కో అమ్మాయికి మార్కులు వేసి దాచుకున్న అట్టలు. ఆమె మిగిలినవన్నీ ఏరి చదివింది.

"చిత్తూరు పిల్లకు డెబ్బై నాలుగా?"

"ఊఁ."

"ఆమెను ఇడిసిపెట్టి మాకాడికి ఎందుకొచ్చినారు?"

"వాళ్లు నన్ను వద్దన్నారు."

"ఊత్తుకోట పిల్లో?"

"వాళ్లూను."

నన్ను ఎగాదిగా చూసింది. నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. "మిమ్మల్ని సరే అన్నది మేమొక్కరమేనా! అయ్యో, మా నాయన ఇంకొక్క దినం ఓర్చుకోకపాయనే!" చిలక ఆ సందట్లో ఇంకో గింజ తినేసింది.

ఆ శుక్రవారం ఆమె సంచి సర్దలేదు. "నేను పోతే దీనికి చీటీలు ఎవురు రాస్తారు?" అంది. కొత్త అట్టలు కోసి, తెలుగు మాటలే అరవ అక్షరాల్లో రాసింది. అవి గట్టిగా చదివే ఉద్యోగం నాది. 'ఈ ఇంటాయన గురకకు ఓనరమ్మ లేచి కూర్చుంటుంది.' 'ఈయనకు చారులో ఉప్పు లేకపోయినా తెలీదు, ఊరికే గళ్లు గీస్తాడు.' చదవకపోతే మూగజీవి పస్తుంటుందాయె, ఏం చేస్తాను!

నాలుగేళ్ల తర్వాత ఒక ఉదయం చిలక బయటికి వచ్చి, చీటీల వైపు చూడకుండా, నేరుగా గింజ అందుకుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "రిటైరయిపోయింది," అంది మా ఆవిడ, గొంతు తగ్గించి.

ఇప్పుడు నేనూ రిటైరైనవాణ్ణే. పది నిమిషాలు చూసి, ఇంత మనిషికి అరవై ఒకటి వేసి, నోరు లేదని రాసుకున్న ఆ కుర్ర గుమాస్తాను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. చిలక పని మానేసిన మర్నాడు నా కాఫీ గ్లాసు పక్కన ఒక చీటీ కనిపించింది. 'ఈ ఇంటాయన గడ్డం గీసుకుంటే బాగుంటాడు.' గింజ కోసం ఎదురుచూసేవాళ్లెవరూ లేరు. అయినా వంటింట్లోకి వినపడేలా గట్టిగానే చదివాను.